మా దొడ్లోకి రాత్రిపూట ఎవరొస్తున్నారు?

కోళ్ళు పెంచే ఇల్లాళ్ళకు ఈ సంగతి నేను చెప్పక్కర్లేదు. సాయంత్రం గూట్లోకి తోలేటప్పుడు ఒకసారి లెక్క పెడతాం. పొద్దున తలుపు తీసేటప్పుడు ఇంకోసారి లెక్క పెడతాం. రెండు లెక్కలూ సరిపోయినంతకాలం ఇంట్లో ఎవరికీ ఆ గొడవే పట్టదు. ఒక్కటి తగ్గిందా, ఇక ఊళ్ళో ఉన్న ప్రతి జీవీ దొంగే!

మాది ముక్త్యాల. జగ్గయ్యపేట నుంచి కృష్ణ ఒడ్డుకు వచ్చే ఊరు. మొన్నమొన్నటిదాకా కృష్ణా జిల్లా, 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లా. భవానీ ముక్తేశ్వరస్వామి గుడి, వాసిరెడ్డి వారి కోట గురించి మీరు వినే ఉంటారు. ఏటికి అవతల ఒడ్డున మాదిపాడు, ఎగువన పులిచింతల ప్రాజెక్టు. పేర్లో పులి ఉంది గానీ మా దొడ్లోకి పులి వస్తుందని ఎవరూ భయపడరు. మరి సంక్రాంతికి పద్నాలుగున్న మా కోళ్ళు శివరాత్రి వచ్చేసరికి తొమ్మిదెలా అయ్యాయి?

ముంగిస అన్నారు మా అత్తగారు. ఊరకుక్కలు అన్నారు మావారు. పక్కింటి పిన్నిగారివి కూడా మూడు పోయాయి. ఆవిడ మాత్రం నక్కే అని తేల్చేశారు. తేల్చి ఊరుకున్నారా? "కోడి పేగుల్లో నాలుగు గుళికలు కలిపి గట్టు మీద పడేయిస్తానమ్మాయ్, తెల్లారేసరికి దొంగెవరో అదే తెలుస్తుంది" అన్నారు.

గుళికల మందంటే తెలుసుగా, పొలానికి చల్లేది. అది తిన్నది చస్తుంది. దాన్ని పీక్కుతిన్న కాకీ చస్తుంది, కుక్కా చస్తుంది. ఆ గట్టు మీదే మా గేదె మేస్తుంది. ఇరుగు పొరుగు పిల్లలు చింతకాయల కోసం తిరిగేదీ అక్కడే. దొంగ దొరకడం మాట దేవుడెరుగు, ఆ మందు ఎవరి నోట్లోకి పోతుందో ఎవరు చెప్పగలరు? "పిన్నిగారూ, ఒక్క పదిహేను రోజులు ఆగండి. ముందు వచ్చేదెవరో చూద్దాం" అన్నాను. "సరేలే, ఆగుతా. పదహారో రోజున మాత్రం నాకు అడ్డం రాకు" అన్నారావిడ. మాటంటే మాటే, ఆవిడ సంగతి నాకు తెలుసు.

రాత్రంతా కూచుని కాపలా కాసే ఓపిక మా ఇంట్లో ఎవరికుంది చెప్పండి? అప్పుడు గుర్తొచ్చింది, అమెరికాలో మా అబ్బాయి చెప్పిన కెమెరా. వాడు టెక్సాస్‌లో ఉంటాడు. వాళ్ళ ఇంటి వెనక ఒక చెట్టుకు కెమెరా కట్టాడట. రాత్రి కయోటీ అనే నక్క లాంటి జంతువొచ్చినా, చెత్తడబ్బా మూత తీసే రకూన్ వచ్చినా దానంతటదే ఫొటో తీసి వీడి ఫోనుకు పంపిస్తుందట. "నీకూ ఒకటి పంపిస్తానమ్మా" అన్నాడు. విజయవాడలో ఇంజనీరింగు చదివే మా తమ్ముడి కొడుకు మాత్రం, "అత్తా, తొందరపడి అక్కణ్ణుంచి తెప్పించొద్దు" అన్నాడు. ఎందుకో తర్వాత చెబుతాను, ఎందుకంటే మీలో చాలామందికి పిల్లలు విదేశాల్లో ఉంటారు, పనికొస్తుంది.

ఈ కెమెరాలో మాయేమీ లేదండీ. ముందు భాగాన ఒక వేడిని పసిగట్టే కన్నుంటుంది. ఒంట్లో వెచ్చదనం ఉన్నదేదైనా దాని ముందు కదిలితే, చుట్టూ ఉన్న వేడికీ ఒంటి వేడికీ తేడా చూసి కెమెరాను లేపుతుంది. చీకట్లో పరారుణ దీపాలు వెలుగుతాయి. మన కంటికి అవి కనపడవు. కొన్ని రకాల్లో చిన్న ఎర్రటి మెరుపు కనిపిస్తుంది, కొన్నింట్లో అదీ ఉండదు. అందుకే రాత్రి ఫొటోలన్నీ పాత సినిమాల్లాగా నలుపూ తెలుపూ. పాములు చల్లటి ఒంటివి గనక ఈ కన్ను వాటిని సరిగా పట్టలేదు. పాముల కోసం కొనాలనుకునేవాళ్ళు డబ్బు దండగ చేసుకోకండి.

ఇది నిన్నా మొన్నా పుట్టిన ముచ్చట కూడా కాదు. అమెరికాలో జార్జ్ షిరాస్ అనే ఆయన రాత్రిళ్ళు తీసిన జంతువుల ఫొటోలను నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక 1906లోనే వేసింది. మన దేశంలో ఛాంపియన్ అనే అటవీ అధికారి 1920లలో దారికి అడ్డంగా సన్నటి తీగ కట్టి, పులి కాలు దానికి తగలగానే మెరుపుదీపం వెలిగేటట్టు చేసి, పులి చేతే పులి ఫొటో తీయించాడు. ఆ ఫొటోలతో 1927లో పుస్తకం కూడా వేశాడు. 1990 దశకం మొదట్లో కర్ణాటకలోని నాగరహొళెలో ఉల్లాస్ కారంత్ గారు పులుల లెక్కకు ఈ పద్ధతి వాడారు. మన వేలిముద్రల్లాగే ఏ పులి చారలు దానివేనట, ఎడమ పక్క చారలు కుడి పక్కకు కలవవట. అందుకని దారికి అటొకటి ఇటొకటి రెండు కెమెరాలు కడతారు. 2018 పులుల లెక్కింపులో దేశం మొత్తం మీద 26,838 చోట్ల కెమెరాలు పెడితే 3 కోట్ల 48 లక్షలకు పైగా ఫొటోలు వచ్చాయి. అందులో పులులవి 76,651. గిన్నిస్ పుస్తకంలోకి కూడా ఎక్కింది. ఇదే కృష్ణ ఒడ్డున ఎగువకు పోతే వచ్చే నాగార్జునసాగర్–శ్రీశైలం అడవిలోనూ పులుల్ని ఇలాగే లెక్కపెడతారు. అంత పెద్ద పని చేసే వస్తువును కోళ్ళగూటికి కట్టడమేమిటని మావారు నవ్వారు గానీ, కోళ్ళు ఆయనవి కావుగా!

ఇక మా తమ్ముడి కొడుకు చెప్పిన మాట. మా కోళ్ళగూడు దొడ్డి చివర చింతచెట్ల దగ్గర. ఇంట్లో వైఫై అక్కడిదాకా రాదు. దూరం నుంచి ఫొటో ఇంటికి చేరాలంటే రెండు దార్లున్నాయట. ఒకటి ఫోనులో లాగే సిమ్ము వేసే రకం. రెండోది, ఒక కెమెరా నుంచి ఇంకో కెమెరాకు రేడియో తరంగాల మీద ఫొటో అందించుకుంటూ ఇంటిదాకా తెచ్చే రకం, బిందెలు చేతులు మార్చుకుంటూ నీళ్ళు మోసినట్టు. ఈ రెండో రకం అమెరికాలో ఎక్కువగా 900 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది. అది మన దేశంలో సెల్‌ఫోన్ కంపెనీల వాటా! మనకు లైసెన్సు అక్కర్లేకుండా వదిలింది 865 నుంచి 868 వరకు. అక్కడి పరికరం తెచ్చి ఇక్కడ వాడకూడదు. సిమ్ము రకానికీ ఇదే చిక్కు. వాళ్ళ 4జీ బ్యాండ్లు వేరు, మనవి వేరు. వేల రూపాయలు పోసి తెప్పించాక మన సిమ్ముకు సిగ్నలే అందకపోవచ్చు. అందుకని ఇక్కడి సిమ్ములకు పనికొస్తుందని రాసి ఉన్నదే ఇక్కడే కొన్నాం.

కెమెరా వచ్చింది. పెట్టె విప్పి బల్ల మీద పెడితే మా అత్తగారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి అన్న మొదటి మాట ఇదీ. "కోడి పోతే పోయింది గానీ, దీని కన్ను రేవు వైపు చూడకూడదు."

మా దొడ్డి గోడ పక్కనుంచే రేవుకు కాలిబాట. ఇంకా తెలవారకముందే ఆడవాళ్ళు బట్టలు ఉతకడానికి, స్నానాలకు ఆ దారిన వెళ్తారు. తడిబట్టలతో అదే దారిన వస్తారు. "ఇది జంతువుల కోసం అమ్మమ్మగారూ, మనుషుల కోసం కాదు" అన్నాడు మావాడు. "ఆ సంగతి దానికి తెలుసుట్రా? ఆవెవరో ఆడదెవరో దానికెలా తెలుస్తుంది?" అన్నారావిడ. మావాడి దగ్గర జవాబు లేదు. ఉండదు కూడా. వెచ్చగా ఉండి కదిలితే చాలు దానికి.

చదువుకోని మనిషి అన్న ఈ మాట మీద కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో పరిశోధనే జరిగిందని తెలిసి నేను ఆశ్చర్యపోయాను. త్రిశాంత్ సిమ్లాయ్ అనే పరిశోధకుడు ఉత్తరాఖండ్‌లోని కార్బెట్ పులుల అడవి చుట్టుపక్కల ఊళ్ళలో 14 నెలలు ఉండి, 270 మందితో మాట్లాడి, 2024లో ఆ వివరాలు ప్రచురించాడు. పులుల కోసం కట్టిన కెమెరాలో, బహిర్భూమికి వెళ్ళిన ఒక స్త్రీ పడింది. ఆ ఫొటో తాత్కాలికంగా అడవి పనిలో చేరిన కుర్రాళ్ళ చేతికి చిక్కింది. వాళ్ళు దాన్ని వాట్సాప్‌లో ఊరంతా తిప్పారు. ఊరివాళ్ళు కోపం పట్టలేక కెమెరాలు పగలగొట్టి తగలబెట్టారు. ఆ పిల్ల తల ఎత్తుకుని ఎలా తిరిగిందో ఆలోచించండి.

నన్ను ఇంకా బాధపెట్టింది ఇంకో సంగతి. అక్కడి ఆడవాళ్ళు కట్టెలకూ గడ్డికీ అడవికి వెళ్ళినప్పుడు గట్టిగా పాటలు పాడుకుంటారట. మనుషులున్నారని తెలిసి పులి, ఏనుగు పక్కకు తప్పుకోవడానికి. ఎవరో చూస్తున్నారు, వింటున్నారు అన్న జంకుతో కెమెరాలు వచ్చాక వాళ్ళ గొంతు తగ్గిపోయింది. గొంతు తగ్గితే ప్రమాదం పెరుగుతుంది. కట్టెలకు వెళ్ళేటప్పుడు పాడే మామూలు పాటే ప్రాణాలు కాచేదని ఆ కెమెరాలు కట్టినవాళ్ళకు ఎవరు చెప్పారు? అడగనే లేదు కదా! ఈ ఒక్క విషయంలో మాత్రం నేను మా అత్తగారి పక్షమే. మన దొడ్డి మనదే గానీ, మన గోడ అవతల దారి మనది కాదు.

అందుకని కట్టేముందు దారిన పోయేవాళ్ళందరికీ చెప్పాం. మా ఇంటికి పనికొచ్చే ఆవిడ, ఇంకో నలుగురు వచ్చారు. "ఏదీ, నేను పడతానా చూపించండి" అన్నదావిడ. సరే, కెమెరా గూటి ఎదురుగా, మోకాలెత్తున, వెనక గోడ వచ్చేటట్టు కట్టి, అయిదుగురూ ఆ బాటలో అటూ ఇటూ రెండుసార్లు నడిచారు. ఫోనుకు ఒకే ఒక్క ఫొటో వచ్చింది. అందులో ఒక మూలకు చీరచెంగు. కెమెరాను బెత్తెడు పక్కకు తిప్పి మళ్ళీ నడిచారు. ఈసారి ఏమీ రాలేదు. దీనికి పనివేళలు పెట్టుకునే వీలుంటుంది. రాత్రి 9 నుంచి తెల్లవారుజాము 3 వరకే పనిచేసేలా పెట్టాం. ఫొటోలు వచ్చేది నా ఒక్కదాని ఫోనుకే. మనిషి పడ్డ ఫొటో ఏదైనా వస్తే అప్పటికప్పుడు తీసేయడమే. మావారి స్నేహితులు కొందరు తమ ఫోన్లకు కూడా పెట్టమన్నారు. కుదరదన్నాను.

మొదటి రాత్రి వచ్చినవి వరసగా ఏమిటనుకున్నారు? పందికొక్కు, పందికొక్కు, మా కుక్క వెనక భాగం, మళ్ళీ పందికొక్కు. రెండో రాత్రి తోకలు. ఏదో వస్తుంది, కెమెరా నిద్ర లేచేసరికి అది దాటిపోతుంది, తోక ఒక్కటే మిగులుతుంది. తోకల ఆల్బమ్ తయారైంది మాకు! దారికి ఎదురుగా కాకుండా కాస్త ఏటవాలుగా కడితే జంతువు ఎక్కువసేపు కంటపడుతుందని అప్పుడు తెలిసింది. మూడో రాత్రి బట్టల తీగ మీద పైడికంటె కూచుని నేరుగా కెమెరాలోకి చూసింది, పాస్‌పోర్టు ఫొటోకు కూచున్నట్టు. అయిదో రాత్రి ఒంటినిండా చుక్కలు, తోకకు పట్టీలతో పునుగుపిల్లి. తిరుమలలో శుక్రవారం అభిషేకం తర్వాత స్వామివారికి పూసే పునుగు తైలం దీని జాతివల్లే కదా, మా అత్తగారు ఫోనుకు దణ్ణం పెట్టారు. గూటి చుట్టూ ఒక చుట్టు తిరిగి, రాలిన సపోటాలు తిని వెళ్ళిపోయింది.

ముంగిసను నేను ముందే కొట్టేశాను. అది పగటి జంతువు. పొద్దుగుంకితే బొరియలో పడుకుంటుంది. రాత్రి పోయిన కోడికి దాన్ని దోషిని చేయడం న్యాయం కాదు. పగలు కోడిపిల్లలు పోతే మాత్రం అప్పుడు అనుమానించండి.

పదకొండో రాత్రి 2 గంటల 40 నిమిషాలకు వరసగా మూడు ఫొటోలు వచ్చాయి. మొదటిదాంట్లో, పెంపుడు పిల్లి కంటే పొడుగు కాళ్ళు, పొట్టి తోక, చెవుల కొసన చిన్న నల్ల కుచ్చు. రెండోదాంట్లో దాని తల గూటి తలుపు అడుగున. మూడోదాంట్లో నోట్లో మా నల్లపెట్ట. బావురుపిల్లి! మా గూటి తలుపుకు గొళ్ళెం వదులు, అడుగున జానెడు సందు. అదీ దాని రాజమార్గం.

పేరులో అడవి తగిలించి అడవిపిల్లి అని కూడా అంటారు గానీ, దీనికి పెద్ద అడవితో పనిలేదు. ఏటి ఒడ్డున రెల్లు, పొలం గట్లు, పొదలు ఉంటే చాలు. తినేది ఎక్కువగా ఎలుకల్నే. రాజస్థాన్‌లోని సరిస్కాలో చేసిన ఒక అంచనా ప్రకారం రోజుకు మూడు నుంచి అయిదు ఎలుకలు. ఆ లెక్క మా దొడ్లోనూ కనపడింది. పన్నెండు, పదమూడు, పద్నాలుగో రాత్రుల్లో అదే పిల్లి అయిదుసార్లు నోట కరుచుకుని పోయింది, అయిదుసార్లూ అది పందికొక్కే. గూటి తలుపు అడుగున అప్పటికే నాపరాయి అడ్డం పెట్టాం మరి!

పదిహేనో రోజు పొద్దున్నే పిన్నిగారు వచ్చి అరుగు మీద కూచున్నారు. ఫోను ఇచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్కటే చూశారు. నల్లపెట్ట దగ్గర ఆగి, "ముదనష్టపుదానా!" అన్నారు. తర్వాత పందికొక్కుల దగ్గర చాలాసేపు ఆగారు. ఆవిడ ఇంట్లో గోతాలు కొరికి వడ్లు నేలపాలు చేసేవి, పునాది కింద తవ్వేసి గచ్చు కుంగదీసేవి అవేగా. "అయితే దీన్ని ముద్దు చేసి పెంచుకోమంటావా?" అన్నారు. "పెంచుకోవద్దు. తలుపు బాగు చేయించుకోండి" అన్నాను. ఆవిడ ఏమీ అనలేదు. గుళికల పొట్లం మాత్రం ఆ రోజుకు అటక మీదే ఉంది.

అన్నట్టు, ఇంకోటి కూడా చెప్పాను ఆవిడకు. బావురుపిల్లి, పునుగుపిల్లి, ముంగిస, ఉడుము ఇవన్నీ 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కిందకు వస్తాయి. చంపితే కేసు. ఆవిడ పోలీసుకు భయపడే మనిషి కాదులెండి. అడవిపందుల కోసం చేలకు కరెంటు తీగలు పెట్టడం, ఆ తీగలు తగిలి మనుషులే పోవడం పేపర్లలో చదువుతూనే ఉన్నాం కదా, ఆ మాట చెబితే మాత్రం కాసేపు మౌనంగా ఉన్నారు.

గూడు బాగుచేయడం పెద్ద ఖర్చు కాదు. పల్చటి కోడివల చాలదు, పళ్ళతో లాగేస్తాయి. చిన్న గళ్ళున్న వెల్డ్‌మెష్ కొట్టించాలి. దాన్ని నేల మీద ఆపకుండా అడుగులోతు భూమిలోకి దించాలి, లేకపోతే కిందనుంచి తవ్వుతాయి. మేము చుట్టూ నాపరాళ్ళు పాతించాం. మా వైపు నాపరాళ్ళకు కొదవేముంది! తలుపుకు రెండు గొళ్ళాలు, పైనొకటి కిందొకటి. దీపాలు పెట్టేవేళకే కోళ్ళు లోపల ఉండాలి. ఇది రాసే నాటికి మాకు ఒక్క కోడీ తగ్గలేదు.

కెమెరా కొనాలనుకునేవాళ్ళకు నాలుగు మాటలు. తూర్పు, పడమరలకు ఎదురుగా కట్టకండి. ఎండ నేరుగా పడి ఉత్తపుణ్యానికి ఫొటోలు తీస్తూ కూచుంటుంది. ఎదురుగా ఊగే కొమ్మ ఉన్నా అంతే. మన రోహిణీ కార్తె ఎండల్లో గోడ, నేల అన్నీ ఒంటి వేడికి సమానంగా కాగుతాయి, తేడా తెలియక కన్ను తడబడుతుంది. మేలో సాయంత్రం ఏమీ పడటంలేదని కంగారుపడొద్దు, అర్ధరాత్రి దాటాక నేల చల్లారి మళ్ళీ పడతాయి. సిగ్నలు సరిగా లేనిచోట బ్యాటరీలు తొందరగా అయిపోతాయి, ఫొటో పంపడానికి అది పదేపదే ప్రయత్నిస్తుంది గనక. ఫోనుకొచ్చేది చిన్న బొమ్మే, అసలు ఫొటో లోపలి కార్డులో ఉంటుంది. చీమలు గూడు పెట్టకుండా పదిరోజులకోసారి మూత తీసి తుడవాలి. కోతులున్న ఊరైతే గొలుసు, తాళం తప్పదు.

కిందటి నెల ఆ బావురుపిల్లి ఒంటరిగా రాలేదు. వెనక మూడు పిల్లలు, ఒకదాని తోక పట్టుకుని ఒకటి లాగుతూ. మా అబ్బాయికి పంపిస్తే వాళ్ళ పిల్లలు పొద్దున లేవగానే "మన పిల్లులొచ్చాయా?" అని అడుగుతున్నారట.

పిన్నిగారు వారం కిందట వడ్రంగిని పిలిపించి గూటికి కొత్త తలుపు పెట్టించారు. గుళికల పొట్లం అటక దింపి పొలానికి పంపించారని ఆవిడ కోడలు చెప్పింది. నిన్న సాయంత్రం దడి మీదుగా పిలిచి, "అమ్మాయ్, ఆ కెమెరా ఓ పదిరోజులు నాకివ్వవూ? మా నిమ్మతోటలో వేర్లు ఏదో తవ్వేస్తోంది, ఏదుపందో ఏమో" అన్నారు. ఇవ్వాళ కట్టి రావాలి. రేవు దారి పడకుండా ఏ చెట్టుకు కట్టాలో తనే చూపిస్తానన్నారు.